దక్షిణాఫ్రికాలో సాటి ఆఫ్రికన్ల మీద దాడులు: పేదరికం ఒక్కటే కారణమా?

దక్షిణాఫ్రికాలో నల్లజాతి ప్రజలు తమలాంటి నల్లజాతి వలసదారుల మీదే ఎందుకు దాడి చేస్తారు, దీనికి పేదరికమూ నిరుద్యోగమూ కారణమంటే సరిపోతుందా, అక్కడున్న భారతీయుల జోలికి ఎందుకు రారు అన్నది మీ ప్రశ్న. నేను జోహన్నెస్‌బర్గ్‌లో కిరాణా సరుకులు టోకున అమ్మే ఒక సంస్థలో లెక్కల విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. మా దగ్గర సరుకు కొనేవారిలో పెద్ద భాగం టౌన్‌షిప్పులలో, అంటే వర్ణవివక్ష కాలంలో నల్లజాతివారిని నగరానికి దూరంగా ఉంచడానికి కట్టిన వాడలలో, చిన్న కొట్లు నడిపే ఇథియోపియన్లు, సోమాలీలు, బంగ్లాదేశీయులు. చదివి తెలుసుకున్నదాని కంటే వారి ఖాతాలు చూస్తూ, వారితో మాట్లాడుతూ తెలుసుకున్నదే ఎక్కువ కాబట్టి నా సమాధానంలో ఆ కొట్ల సంగతి కాస్త ఎక్కువగా ఉంటుంది.

పేదరికం నిజం, కోపమూ నిజం. అయితే ఆ కోపం ఏ రోజున, ఏ వీధిలో, ఎవరి కొట్టు మీద పడాలో నిర్ణయించేవారు వేరే ఉంటారు. వారికి అందులో లాభం ఉంటుంది, శిక్ష పడదన్న ధీమా ఉంటుంది, పైనుంచి మంత్రులూ నాయకులూ వాడే భాష వారికి ఊతంగా ఉంటుంది. పేదరికాన్ని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఈ మనుషులందరూ మన కంటికి కనిపించకుండా పోతారు.

ముందుగా జరిగినవి క్లుప్తంగా చెబుతాను. 2008 మే 11న జోహన్నెస్‌బర్గ్‌లోని అలెగ్జాండ్రా టౌన్‌షిప్‌లో మొదలైన హింస రెండు వారాలలో దేశమంతటా పాకింది. 62 మంది చనిపోయారు, లక్షకు పైగా ప్రజలు ఇళ్లు విడిచి పోలీసు ఠాణాలలో, చర్చిలలో, గుడారాలలో తలదాచుకున్నారు. రామఫోసా అనే గుడిసెల వాడలో ఒక మొజాంబిక్ కార్మికుణ్ణి గుంపు సజీవంగా తగలబెట్టిన ఫొటో ప్రపంచమంతా చూసింది. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఆ 62 మందిలో 21 మంది దక్షిణాఫ్రికా పౌరులే. గుంపులు దారిన పోయేవారిని ఆపి, మోచేతిని చూపించి, అక్కడి ప్రధాన భాషలలో ఒకటైన జులూలో దాన్ని ఏమంటారో చెప్పమన్నాయి. ఉత్తరాన లింపోపో ప్రాంతం నుంచి వచ్చిన షంగాన్, వెండా భాషలవారు సరిగా పలకలేక సొంత దేశంలోనే పరాయివారయ్యారు.

2015లో హింస డర్బన్‌లో మొదలైంది. ఆ ఏడాది మార్చిలో జులూ జాతి సంప్రదాయ రాజు గుడ్‌విల్ జ్వెలితిని ఒక సభలో విదేశీయులు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోవాలన్న అర్థంలో మాట్లాడాడు. తన మాటలను పత్రికలు వక్రీకరించాయని ఆయన తరువాత అన్నాడు కానీ, ఏప్రిల్ నాటికే కొట్లు తగలబడ్డాయి, ఏడుగురు చనిపోయారు. 2019 సెప్టెంబరులో జోహన్నెస్‌బర్గ్‌లోని జెప్స్‌టౌన్, మాల్వెర్న్, తూర్పున కట్లెహాంగ్ తదితర ప్రాంతాలలో మళ్లీ లూటీలు జరిగాయి. పన్నెండు మంది చనిపోగా వారిలోనూ ఎక్కువమంది స్థానికులే. నైజీరియా తన పౌరులను విమానాలలో వెనక్కి తీసుకువెళ్లింది. లాగోస్‌లో దక్షిణాఫ్రికా సంస్థల దుకాణాల మీద ప్రతిదాడులు జరిగాయి. అదే నెలలో జింబాబ్వే రాజధాని హరారేలో ఆ దేశ మాజీ అధ్యక్షుడు ముగాబే సంస్మరణ సభలో జనం దక్షిణాఫ్రికా అధ్యక్షుడు రామఫోసాను గేలిచేస్తే ఆయన వేదిక మీదే విచారం వ్యక్తం చేయవలసి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జోహన్నెస్‌బర్గ్‌కు ఉత్తరాన ఉన్న డీప్‌స్లూట్‌లో ఇంటింటికీ తిరిగి పత్రాలు అడిగిన గుంపు ఒక జింబాబ్వే తోటమాలిని కొట్టి తగలబెట్టింది. వార్తలకెక్కినవి ఇవి. వార్తలకెక్కకుండా ఒక వీధిలో రెండు కొట్లు దోచి ఆగిపోయినవి దాదాపు ప్రతి నెలా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి.

ఇక లెక్కలు. 2022 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభా 6.2 కోట్లు కాగా విదేశాలలో పుట్టినవారు సుమారు 24 లక్షలు, అంటే నాలుగు శాతం కూడా లేరు. లెక్కకు అందనివారు కొందరు ఉంటారనుకున్నా, "కోటిన్నర మంది దిగబడ్డారు" అని ర్యాలీలలో చెప్పే మాటకు ఆధారం లేదు. వలసదారు ఒకరు ఉపాధి పొందితే స్థానికులకు దాదాపు రెండు ఉద్యోగాలు ఏర్పడుతున్నాయని 2018లో ప్రపంచ బ్యాంకు అధ్యయనం ఒకటి తేల్చింది. అయితే నిరుద్యోగం 30 శాతానికి పైబడి ఏళ్లు గడిచిన దేశంలో, 35 ఏళ్లలోపు యువతలో ఇంచుమించు సగం మందికి పని దొరకని వాడలో నిలబడి, ఈ అధ్యయనాన్ని చదివి వినిపిస్తే ఎవరికీ ఎక్కదు. ఎక్కకపోవడంలో వారి తప్పు కూడా లేదు. హోటల్ యజమాని స్థానికుణ్ణి కాదని జింబాబ్వే యువకుణ్ణి పెట్టుకోవడం కళ్ల ముందు కనిపిస్తుంది. అతడికి పత్రాలు సరిగా లేవు కాబట్టి కనీస వేతనం కంటే తక్కువిచ్చినా నోరెత్తడని యజమాని వేసుకున్న లెక్క మాత్రం కనిపించదు. లారీ డ్రైవర్ల మధ్య ఇదే తగాదా సంవత్సరాల తరబడి రగిలి, విదేశీ డ్రైవర్లు నడిపే లారీలను రోడ్ల మీద తగలబెట్టేదాకా వెళ్లింది.

ఇప్పుడు కొట్ల సంగతికి వస్తాను. టౌన్‌షిప్పులలో ఇంటి ముందు గదిలోనో గ్యారేజీలోనో నడిపే కిరాణా కొట్టును అక్కడ స్పాజా అంటారు. నల్లజాతివారు స్వేచ్ఛగా వ్యాపారం చేయడానికి చట్టాలు ఒప్పుకోని రోజులలో చాటుమాటుగా పుట్టిన కొట్లివి, ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. వర్ణవివక్ష పాలన ముగిసిన 1994 తరువాత క్రమంగా అవి విదేశీయుల చేతికి వచ్చాయి. స్థానికులు దీనికి చెప్పే కారణాలు మాదకద్రవ్యాలు, నకిలీ సరుకు, పన్ను ఎగవేత. ఇవి అసలే లేవని నేను అనను. కానీ మా బిల్లుల పుస్తకం చెప్పే కారణం వేరు. అయిదారు కొట్లవాళ్లు కలిసి ఒకే ఆర్డరు పెట్టేవారు. మొక్కజొన్న పిండి, వంట నూనె, చక్కెర, సబ్బులు లారీ నిండా ఒకేసారి తీసుకుంటే టోకు ధర మీద మరి కొంత తగ్గింపు దొరికేది. దాన్ని వారు పంచుకునేవారు. అదే వీధిలోని స్థానిక కొట్టు యజమాని ఒంటరిగా వచ్చి రెండు బస్తాలు కొని, అద్దె బండిలో వేసుకుని వెళ్లేవాడు. మా దగ్గరే ఇద్దరి ధరలకూ తేడా వచ్చేస్తే, కొట్టుకు చేరేసరికి ఆ తేడా ఇంకెంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు.

దానికి తోడు విదేశీ కొట్టువాడు తెల్లవారుజామున పనికి వెళ్లేవారికోసం చీకటి ఉండగానే తెరిచి, రాత్రి ఆఖరి మినీబస్సు వచ్చేదాకా మూయడు. సరుకు మధ్యనే పడుకుంటాడు కాబట్టి ఇంటి అద్దె లేదు. సిగరెట్టు ఒక్కటి, రొట్టె సగం, పసిపిల్లల డైపరు ఒక్కటి, చక్కెర చిన్న పొట్లం ఏదడిగినా ఇస్తాడు, నెలాఖరు దాకా అరువు పెడతాడు. పింఛనో పిల్లల భత్యమో పడే రోజు దాకా వీధిలో సగం ఇళ్లు ఆ అరువు మీదే నడుస్తాయి. ఇంకొక మాట కూడా చెప్పాలి. స్థానిక స్పాజాలను దెబ్బతీసినవారిలో పెద్ద సూపర్‌మార్కెట్లు కూడా ఉన్నాయి. 2005 తరువాత జోహన్నెస్‌బర్గ్‌ను ఆనుకుని ఉన్న పెద్ద టౌన్‌షిప్ సొవేటోలోనూ ఇతర టౌన్‌షిప్పులలోనూ వరుసగా మాల్స్ వెలిశాయి. 2021 జులైలో మాజీ అధ్యక్షుడు జుమా జైలుకు వెళ్లినప్పుడు చెలరేగిన అల్లర్లలో ఆ మాల్స్‌నూ దోచారు గానీ, మాల్ యజమానిని దేశం వదిలి పొమ్మని ఎవరూ అనలేదు. ఆ మాల్స్‌కు అల్లర్ల నష్టాన్ని భర్తీ చేసే ప్రభుత్వ బీమా సంస్థ సాస్రియా ఉంది. ఇథియోపియన్ కొట్టుకు ఏ బీమా ఉంటుంది?

కట్లెహాంగ్‌లో కొట్టు ఉన్న ఒక ఇథియోపియా యువకుడు ఉండేవాడు. 2019 దాడులకు ముందు ఒకరోజు అతడు మా కౌంటరు దగ్గరకు వచ్చి, పెట్టిన ఆర్డరు ఆపమన్నాడు. జేబులోంచి తీసి చూపిన కాగితం జిరాక్సు ప్రతి; పైన ఏ సంస్థ పేరూ లేదు, కింద "సంబంధిత వ్యాపారులు" అని మాత్రం ఉంది. ఫలానా తేదీలోగా విదేశీయులు కొట్లు మూసి వెళ్లాలని, లేకపోతే జరిగేదానికి తాము బాధ్యులం కామని రాసి ఉంది. మళ్లీ కొద్ది రోజులకే నాణేల సంచీ, నలిగిన నోట్ల కట్టలు తెచ్చి మా సంస్థకు అతడు బాకీ ఉన్న మొత్తం కట్టేశాడు. ఎందుకింత తొందర అని అడిగితే, కొట్టు పోతే మళ్లీ పెట్టుకోవచ్చు, టోకు వ్యాపారుల దగ్గర మాట పోతే ఇక ఎక్కడా పెట్టుకోలేనన్నాడు.

అతడు చెప్పినట్టే కొట్టు పోయింది. ఆ వారంలో ఒక రాత్రి గుంపు వచ్చి ముందు షట్టరు, తరువాత సరుకు, చివరకు గోడకున్న అరలు, కరెంటు తీగలు కూడా పీక్కుపోయింది. గ్యారేజీ యజమానురాలు, పింఛను మీద బతికే పెద్దావిడ, అంతకు కాస్త ముందే అతణ్ణి వెనక గదిలో దాచి, ఒక ఫ్రీజరును తన పడకగదిలోకి లాగించుకుంది. కాబట్టి ప్రాణమూ ఫ్రీజరూ మిగిలాయి. అరువు పుస్తకం మాత్రం మిగలలేదు. గుంపులో కొందరి పేర్లు ఆ పుస్తకంలో ఉన్నాయని, సరుకు కంటే ముందు దాన్నే వెతికారని అతడు చెప్పాడు. పెద్దావిడకు నెలనెలా వచ్చే అద్దె ఆగిపోయింది, చుట్టుపక్కలవారు రొట్టెకు కూడా మినీబస్సు ఛార్జీ పెట్టుకుని మాల్‌కు పోవలసి వచ్చింది. కొన్ని నెలలకు అదే గ్యారేజీలో మరో విదేశీయుడు కొట్టు తెరిచాడు. అయితే ఈసారి తెరవడానికి ముందు వీధి కమిటీలోని కొందరికి డబ్బు ముట్టజెప్పి, నెలకింత అని ఒప్పుకున్నాడు. విదేశీయులు పోవాలని పోరాడినవారికి విదేశీయులు పోవడం నిజంగా అవసరమా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఈ అనుమానం నా ఒక్కడిదే కాదు. జోహన్నెస్‌బర్గ్‌లోని విట్స్ విశ్వవిద్యాలయంలో వలసల మీద పనిచేసే కేంద్రం ఒకటి ఉంది. అక్కడి పరిశోధకుడు జాన్ పియెర్ మిసాగో, ఆయన సహచరులు 2008 తరువాత దాడులు జరిగిన వాడలనూ జరగని వాడలనూ పోల్చి చూశారు. దాడి జరిగిన ప్రతిచోటా అంతకు ముందు సభలు జరిగాయి, వాటిని పిలిచినవారు ఉన్నారు. స్థానిక అధికారం కోసం పోటీపడే నాయకులు, కౌన్సిలరు కావాలనుకునేవారు, పోటీ తప్పించుకోవాలనుకునే వ్యాపారులు జనంలోని నిజమైన అసంతృప్తిని తమ పనికి వాడుకున్నారు. 2009 నవంబరులో కేప్‌టౌన్‌కు ఈశాన్యంగా ద్రాక్షతోటలుండే డి డోర్న్స్‌లో సుమారు మూడు వేల మంది జింబాబ్వే కూలీలను గుడిసెల నుంచి తరిమేసినప్పుడు కూడా, తోటలకు కూలీలను సరఫరా చేసే స్థానిక మేస్త్రీలకూ జింబాబ్వే మేస్త్రీలకూ మధ్య ఉన్న పోటీ దాని వెనుక ఉంది.

అయితే వీధి నాయకుడు ఎంత అరిచినా, వినడానికి సిద్ధంగా ఉన్న చెవులు ఎలా తయారయ్యాయన్నది ఇంకా పాత కథ. 1886లో ఇప్పటి జోహన్నెస్‌బర్గ్ ప్రాంతమైన విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం దొరికిన నాటి నుంచి గనుల యజమానులు మొజాంబిక్, లెసోతో, మలావీల నుంచి ఒప్పందాల మీద కూలీలను తెచ్చి, భార్యాబిడ్డలను రానివ్వకుండా మగవాళ్లను హాస్టళ్లలో కుక్కి, ఒప్పందం తీరగానే వెనక్కి పంపేవారు. ఈ దేశపు సంపదలో మొజాంబిక్ చెమట కలిసి నూరేళ్లు దాటింది. తరువాత వర్ణవివక్ష ప్రభుత్వం సొంత నల్లజాతి పౌరులకు కూడా ఇదే పద్ధతి వర్తింపజేసింది. జేబులో పాసు, అంటే అనుమతి పత్రం, లేకుండా నగరంలో కనిపిస్తే అరెస్టు, 1970 చట్టంతో ఒక్కొక్కరికీ తెగల పేరుతో విడదీసిన ఏదో ఒక ప్రాంతాన్ని "స్వదేశం"గా అంటగట్టి వారి పౌరసత్వానికే ఎసరు పెట్టడం. వీధిలో మనిషిని ఆపి కాగితం అడిగి, అది లేనివాణ్ణి మనిషిగా లెక్కచేయకపోవడమనే అలవాటును ఆ ప్రజల మీద ప్రభుత్వమే దశాబ్దాల పాటు ప్రయోగించింది. ఆ కాలంలో కాందిశీకులుగా పోయిన దక్షిణాఫ్రికా ఉద్యమకారులకు జాంబియా, టాంజానియా, మొజాంబిక్, జింబాబ్వేలు ఆశ్రయమిచ్చి, అందుకు బాంబు దాడులు కూడా భరించాయి. ఈ సంగతి ఆయా దేశాలవారు మరిచిపోరు. సొవేటోలో ఇరవై ఏళ్ల కుర్రవాడికి దాన్ని చెప్పినవారు తక్కువ.

1994 తరువాత వచ్చిన ప్రభుత్వాలు రాజ్యాంగంలో "ఇక్కడ నివసించే అందరిదీ ఈ దేశం" అన్న అర్థంలో రాసుకున్నాయి గానీ, పరిపాలనలో వేరే దారి పట్టాయి. శరణార్థులకు పని చేసుకునే హక్కు ఉంది, శిబిరాలలో పెట్టే పద్ధతి లేదు, చట్టం ఉదారమైనదే. ఆ చట్టం ప్రకారం పత్రం ఇచ్చే కార్యాలయాలను మాత్రం 2011, 2012లలో జోహన్నెస్‌బర్గ్, పోర్ట్ ఎలిజబెత్, కేప్‌టౌన్‌లలో కొత్తవారికి మూసేశారు. మా ఖాతాదారులు కొందరు పత్రం పునరుద్ధరణ కోసం ప్రిటోరియాలో రాత్రంతా వరుసలో నిలబడి, లోపలికి పోవడానికి చేయి తడిపి, అయినా పని కాక తిరిగి వచ్చేవారు. 2009లో జింబాబ్వే జాతీయులకు ప్రత్యేక అనుమతులిచ్చారు. తరువాతి దశలో వాటిని పొందిన సుమారు 1,78,000 మందికి 2021లో ఇక పొడిగించేది లేదన్నారు, మళ్లీ కోర్టులు కల్పించుకోవడంతో పొడిగిస్తూ పోతున్నారు. చట్టప్రకారం ఉండాలనుకునేవాణ్ణి అక్రమంగా ఉండేటట్టు చేసేది కార్యాలయం. అక్రమంగా ఉన్నాడని కొట్టేది గుంపు.

పైనున్నవారి నోటి మాటలు కూడా తక్కువ కావు. ఆసుపత్రులు కిక్కిరిసి ఉండడానికి విదేశీయులే కారణమని 2018లో ఆరోగ్య మంత్రి అన్నాడు. 2022లో లింపోపో రాష్ట్ర ఆరోగ్య మంత్రి, మంచం మీద ఉన్న జింబాబ్వే రోగిని ఆసుపత్రిలోనే మందలిస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. 2021లో సొవేటోలో పుట్టిన ఆపరేషన్ డుడులా అనే ఉద్యమం సరిగ్గా ఆ మాటలనే చేతల్లోకి తెచ్చింది: ఆసుపత్రుల గేట్ల దగ్గర నిలబడి, గుర్తింపు కార్డు లేనివారిని, గర్భిణులను సైతం, వెనక్కి పంపింది. పౌరుల కార్డు తనిఖీ చేసే అధికారం ఆ సంస్థకు లేదని 2025 నవంబరులో జోహన్నెస్‌బర్గ్ హైకోర్టు తీర్పు ఇచ్చేదాకా నాలుగేళ్లు పట్టింది. 2024లో సొవేటోలోని నలేడిలో ఆరుగురు పిల్లలు విషాహారంతో చనిపోయినప్పుడు కూడా నింద వెంటనే విదేశీ స్పాజాల మీద పడింది, కొట్లు లూటీ అయ్యాయి. ఆ విషం టెర్బుఫోస్ అనే వ్యవసాయ పురుగుమందు. చెత్త ఎత్తక ఎలుకలు పెరిగిన వాడలలో జనం దాన్ని ఎలుకల మందుగా చాటుగా కొని వాడుతున్నారు. కొట్లలో సరుకు పక్కనే దాన్ని ఉంచినవారి తప్పు ఉంది. చెత్త ఎత్తని మునిసిపాలిటీ పేరు మాత్రం ఏ ఊరేగింపులోనూ వినిపించలేదు.

భారతీయుల సంగతి. నేను కూడా విదేశీయుణ్ణే, నా పాస్‌పోర్టులోనూ వీసా కాగితమే ఉండేది, నేను చేసిన ఉద్యోగానికి చదువుకున్న స్థానికులూ ఉండేవారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కారణం మంచితనమో రంగో కాదు. నేను కరెంటు కంచె, కాపలాదారు ఉన్న అపార్టుమెంటులో ఉండేవాణ్ణి; గుంపు అక్కడిదాకా రాలేదు. కట్లెహాంగ్‌లో కొట్టు పెట్టుకున్న బంగ్లాదేశీయుడు, పాకిస్తానీ మనలాంటి ఒంటి రంగువారే, అయినా వారి కొట్లు ఇథియోపియన్ల కొట్లతో పాటే పోయాయి. చేతికి అందే దూరంలో, రక్షణ లేకుండా ఉన్నవారు బలయ్యారు. నల్లజాతివారు నల్లజాతివారినే కొడుతున్నారని మనం ఆశ్చర్యపోతున్నాం గానీ, ఒకే గోడకు అటూ ఇటూ ఉండేది వారే.

మనవారికి ఇది పూర్తిగా పరాయి అనుభవమూ కాదు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకుతోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు చాలామంది. వారి వారసులు, నాయుడూలు రెడ్డిలు, 1931లో డర్బన్‌లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ నేటికీ ఉంది. 1949 జనవరిలో డర్బన్‌లో ఒక భారతీయుడు ఒక ఆఫ్రికన్ కుర్రవాణ్ణి కొట్టాడన్న గొడవతో మొదలై భారతీయుల ఇళ్ల మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి. 142 మంది చనిపోయారు. వారిలో 87 మంది ఆఫ్రికన్లు, 50 మంది భారతీయులు. ఆఫ్రికన్లకు వ్యాపార అనుమతులు ఇవ్వనిదీ, భూమి దక్కనివ్వనిదీ తెల్లవారి ప్రభుత్వం. వారికి రోజూ ఎదురుపడింది మాత్రం భారతీయుడి కొట్టు, భారతీయుడి బస్సు. డర్బన్‌లో పరిచయమైన ఒక నాయుడు గారి కుటుంబంలో పెద్దలు ఆ రాత్రుల గురించి చెప్పిన మాటలను, వారి మనుమలే ఇప్పుడు నైజీరియన్ల గురించి విసుక్కుంటూ మాట్లాడే గదిలో కూర్చుని నేను విన్నాను.

పేదరికం ఒక్కటే కారణమా అన్న మీ ప్రశ్నకు అన్నిటికంటే గట్టి జవాబు ఖుట్సాంగ్ అనే టౌన్‌షిప్. జోహన్నెస్‌బర్గ్‌కు పడమరగా గనుల ప్రాంతంలో ఉంటుంది. నిరుద్యోగమూ, గుడిసెలూ, వలసవచ్చిన గని కార్మికులూ అన్నీ ఉన్నాయి. తమను జోహన్నెస్‌బర్గ్ ఉన్న గౌటెంగ్ రాష్ట్రం నుంచి తీసి మరో రాష్ట్రంలో కలిపినందుకు 2005 నుంచి అక్కడి జనం ప్రభుత్వ భవనాలు తగలబెట్టేంత తీవ్రంగా పోరాడారు. 2008 మేలో చుట్టుపక్కలంతా మండుతున్నప్పుడు ఖుట్సాంగ్‌లో విదేశీయుల మీద దాడులు జరగలేదు. అక్కడి పోరాట కమిటీ మొదటి నుంచీ మొజాంబిక్, లెసోతో కార్మికులను తనలో కలుపుకుంది, హింస వార్తలు రాగానే తమ పోరాటం సరిహద్దు మార్చిన ప్రభుత్వంతోనే తప్ప పక్కింటివాడితో కాదని తేల్చి చెప్పింది. డర్బన్‌లో అబాహ్లాలి బాసెమ్‌జోండోలో అనే గుడిసెవాసుల సంఘం కూడా అదే నెలలో అదే మాట అని, తన వాడలలో దాడులు జరగకుండా చూసుకుంది. ఈ రెండు చోట్లా జనం మిగతా టౌన్‌షిప్పుల కంటే ధనికులేమీ కాదు. సభలు ఇక్కడా జరిగాయి. వాటిని పిలిచినవారు వేరు.